పదహారణాల లెక్క

పాఠ్యాంశ పరిచయం

1957 ఏప్రిల్ 1వ తేదీకి పూర్వం మన దేశంలో రూపాయికి నూరు పైసలు కావు, పదహారు అణాలు. ఆనాటి నాణెములకు తెలుగువారు పెట్టుకొన్న పేర్లు నేటికీ మన సామెతలలో, అప్పు పత్రాలలో, బంగారు దుకాణాలలో వినబడుతూనే ఉన్నాయి. ఆ పేర్ల వెనుక ఒక లెక్క ఉంది. ప్రత్తి, మిరప పండించే గుంటూరు సీమ పల్లెలను ఉదాహరణగా తీసుకొని ఆ లెక్కను వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తుళ్లూరు గుంటూరు జిల్లాలో కృష్ణానదికి దక్షిణాన ఉన్న గ్రామం. నల్లరేగడి నేల, ప్రత్తి, మిరప ఆ ప్రాంతానికి తరతరాల ఆస్తి. 2015లో ఈ గ్రామం అమరావతి రాజధాని ప్రాంతంలో చేరిన తరువాత అక్కడ భూముల మాట లక్షలలో, కోట్లలో నడిచింది. అయినా ఆ సీమలో ఇద్దరు రైతులు అప్పు గురించి మాట్లాడుకొనేటప్పుడు శాతాల లెక్క చెప్పరు. “ముప్పావలా వడ్డీ”, “రూపాయిన్నర వడ్డీ” అంటారు. నూరు రూపాయలకు నెలకు ముప్పావలా అంటే సంవత్సరానికి తొమ్మిది రూపాయలు. రూపాయిన్నర అంటే పద్దెనిమిది. పావలా నాణెమును ప్రభుత్వం 2011 జూన్ 30తో చెలామణి నుండి తొలగించింది. నాణెం పోయింది, దాని పేరుతో వడ్డీ మాత్రం మిగిలింది. 2004లో రాష్ట్ర ప్రభుత్వం మహిళా స్వయం సహాయక సంఘాల ఋణాలకోసం ప్రవేశపెట్టిన పథకానికి “పావలా వడ్డీ” అనే పేరే పెట్టింది. సంవత్సరానికి మూడు శాతం అని చెప్పి ఉంటే ఆ మాట అంత త్వరగా ఇంటింటికీ చేరి ఉండేది కాదు.

ఈ పాత లెక్క తెలియడం కేవలం వినోదం కాదు. 1957కు ముందు వ్రాసిన దస్తావేజులలో ధరలు “రూ-అ-పై” పద్ధతిలో ఉంటాయి. “రూ. 350-12-6” అని ఉంటే మూడువందల ఏబది రూపాయల పన్నెండు అణాల ఆరు పైలు అని చదవాలి. పొలంలో వాటాలను సైతం అణాలలోనే చెప్పేవారు. మొత్తం ఆస్తి ఒక రూపాయి అనుకొంటే అందులో నాలుగణాల వాటా అంటే నాలుగవ వంతు. ఎనిమిది ఎకరాల చేనులో రెండణాల వాటా ఉన్నవానికి వచ్చేది ఒక ఎకరం. తాతగారి పత్రంలోని రెండణాలను చూచి, అది రెండు అణాల డబ్బు అని నవ్వి ఊరకున్న మనుమడు ఆ ఎకరం పోగొట్టుకొంటాడు.

ఇక నాణెముల విషయానికి వద్దాం. అన్నింటిలో చిన్నది దమ్మిడీ. దీనినే లెక్కలలో “పై” అని వ్రాసేవారు. పన్నెండు దమ్మిడీలు ఒక అణా. రూపాయికి 192 దమ్మిడీలు. మూడు దమ్మిడీలు ఒక కాణీ. దీనికే కాలణా అని మరొక పేరు. కాణీకంటె చిన్నదైన ఏగాని అనే నాణెం కూడ ఉండేది. రెండు కాణీలు అర్ధణా, రెండు అర్ధణాలు అణా, రెండు అణాలు బేడ, రెండు బేడలు పావలా, రెండు పావలాలు అర్ధరూపాయి. గమనించండి: కాణీ నుండి రూపాయి వరకు ప్రతి మెట్టూ క్రింది మెట్టుకు రెట్టింపు. నూరును సగం చేస్తూ పోతే ఏబది, ఇరువదియైదు, ఆపైన పన్నెండున్నర వచ్చి లెక్క చెడుతుంది. పదహారును సగం చేస్తూ పోతే ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఎక్కడా మిగులు లేదు. పలకా బలపం పట్టని మనిషి కూడ సగం, సగంలో సగం అని వ్రేళ్లమీద తేల్చుకోగలడు.

ఈ పేర్లలో ఒక విశేషం ఉంది. తెలుగులో భిన్నములకు ప్రత్యేకమైన పేర్లు ఉండేవి. నాలుగవ వంతు పాతిక, పదహారవ వంతు వీసము, అరువది నాల్గవ వంతు కాని. రూపాయిలో పదహారవ వంతు కనుక అణా అంటే రూపాయిలో వీసము. రూపాయిలో అరువది నాల్గవ వంతు కనుక ఆ రాగి నాణెమునకు కాని, వ్యవహారంలో కాణీ, అనే పేరు వచ్చింది. అంటే ఆ పేరే ఆ నాణెం విలువను చెబుతుంది. ఇంగ్లండులో జనం తమ నాణెములకు పెట్టుకొన్న ముద్దుపేర్లు ఇందుకు భిన్నమైనవి. అక్కడ షిల్లింగును “బాబ్” అనీ, ఆరు పెన్నీల నాణెమును “టానర్” అనీ, పౌనును “క్విడ్” అనీ పిలిచేవారు. అవి ఆత్మీయమైన పేర్లే కాని, వాటిని బట్టి విలువ తెలియదు. పెన్నీలో నాలుగవ వంతైన “ఫార్దింగ్” ఒక్కటే మన కాణీకి చుట్టం. నాలుగవ వంతు అనే అర్థమే ఆ పేరులో ఉంది.

అణాల లెక్క ఎంత చక్కగా సాగేదో తెలియాలంటే ఆనాటి తూకములను దానిప్రక్కన పెట్టి చూడాలి. కోస్తా జిల్లాలలో మిరపకాయలు, చింతపండు, బెల్లం వంటివి వీశెలలో, మణుగులలో తూచేవారు. ఇరువది మణుగులు ఒక బారువ. మణుగుకు ఎనిమిది వీశెలు, వీశెకు నలుబది పలములు. వీశెలో సగం అరవీశె. పది పలములు పదలం. ఐదు పలములు ఏబలం. ఇప్పుడు మణుగు మిరపకాయల వెల ఆరు రూపాయలు అనుకొందాం. వీశె వెల ఎంత? ఆరు బేడలు. అరవీశె ఆరు అణాలు. పదలం ఆరు అర్ధణాలు. ఏబలం ఆరు కాణీలు. మణుగు ఏడు రూపాయలైతే వీశె ఏడు బేడలు, ఏబలం ఏడు కాణీలు. మణుగులో అరువది నాలుగు ఏబలములు ఉన్నాయి. రూపాయిలో అరువది నాలుగు కాణీలు ఉన్నాయి. గుణకారం లేదు, భాగహారం లేదు. అంకె మారదు, నాణెం పేరు మాత్రమే మారుతుంది. సంతలో మిరపకాయలు కొనే కూలి మనిషిని దుకాణదారు మోసం చేయడం అంత సులభం కాదు.

తూకానికీ నాణెమునకూ ఉన్న బంధం ఇంతటితో ఆగదు. 1835లో ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయిని నిర్ణయించినపుడు దాని బరువు 180 గ్రెయిన్లు, అంటే సరిగా ఒక తులం. మూడు తులములు ఒక పలము. కాబట్టి నూట ఇరువది వెండి రూపాయలు త్రాసులో వేస్తే ఒక వీశె తూగేది. పెట్టెలో డబ్బు ఉన్న ఇంట తూకపు రాళ్లు కూడ ఉన్నట్లే.

ఆ నాణెముల రూపం కూడ ఆలోచించి చేసినదే. 1907 నాటికి వచ్చిన నికెలు మిశ్రమపు అణా అంచు పూరేకులవలె వంపులు తిరిగి ఉండేది. 1918లో వచ్చిన బేడ మూలలు గుండ్రంగా నున్నగా ఉన్న చదరపు బిళ్ల. అక్షరం రానివాడు, చూపు తగ్గిన వృద్ధురాలు చీకటిలో తడిమి చూచినా ఇది అణా, ఇది బేడ అని చెప్పగలిగేవారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లోహం కరవై, 1943లో కాణీకి నడుమ పెద్ద రంధ్రం పెట్టి ముద్రించారు. 1947 వరకు అదే పద్ధతి. జనం దానిని “చిల్లుకాణీ” అన్నారు. మొలత్రాటికి గ్రుచ్చి పిల్లల నడుముకు కట్టిన తల్లులు ఉన్నారు. “చిల్లిగవ్వ” అనే మాట ఇంతకంటె చాల పాతది. గవ్వలు చిల్లరగా చెల్లిన కాలం నాటిది. ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు. యుద్ధకాలంలోనే దమ్మిడీ కూడ కనుమరుగైంది. 1942 తరువాత దానిని ముద్రించలేదు. ధరలు పెరిగినపుడు మొదట చచ్చేది అన్నింటికంటె చిన్న నాణెమే.

అణాలకు ముందు మన ప్రాంతంలో వేరొక లోకం ఉండేది. మద్రాసు రాజధానిలో ఎనుబది కాసులు ఒక పణం, నలుబది రెండు పణములు ఒక వరహా. వరహా బంగారు నాణెం. ఆ పేరు చాళుక్యుల వరాహ లాంఛనం నుండి వచ్చినదని చరిత్రకారుల అభిప్రాయం. 1818లో మద్రాసు రాజధానికి రూపాయిని ప్రమాణంగా చేసి, వరహాకు మూడున్నర రూపాయల మారకం నిర్ణయించారు. వరహాలలో ఉన్న శిస్తులన్నీ రూపాయలలోకి మారాయి. “కాసు” అనే దక్షిణాది మాట విదేశీయుల నోట “క్యాష్” అనే నాణెపు పేరుగా మారింది.

ఇక “డబ్బు”. నేడు ఈ మాటకు ధనం అని అర్థం. ఒకప్పుడు అది ఒక రాగి నాణెం పేరు. గుంటూరు సీమ 1788లో కంపెనీ వశమైంది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలకే, 1794లోను 1797లోను, ఉత్తర సర్కారులకోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ వద్ద సోహో టంకశాలలో యంత్రాలతో డబ్బులు ముద్రించి పంపారు. రూపాయికి నలుబది ఎనిమిది అని వాటిమీద ఇంగ్లీషులో స్పష్టంగా వ్రాసి ఉంది. అంటే ఒక డబ్బు నాలుగు దమ్మిడీలు, మూడు డబ్బులు ఒక అణా. ఆవిరియంత్రాల తొలి రోజులలో బర్మింగ్‌హామ్‌లో తయారైన రాగిబిళ్ల, సముద్రాలు దాటి వచ్చి, మన పల్లెలలో మొత్తం ధనానికే పేరు కావడం భాషాచరిత్రలో చిత్రమైన విషయం. కన్నడ, తెలుగు ప్రాంతాలలోని “దుడ్డు” కథ కూడ ఇటువంటిదే.

ఇంగ్లండు నాణెములతో మన రూపాయికి ఉన్న సంబంధం మాటలతో ఆగలేదు. అది గుంటూరు రైతు చేతి రొక్కం వరకు వచ్చింది. ఇంగ్లండులో పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరువది షిల్లింగులు ఒక పౌను. అంటే పౌనుకు 240 పెన్నీలు. పందొమ్మిదవ శతాబ్ది చివరికి మన రూపాయి విలువను ఒక షిల్లింగు నాలుగు పెన్నీలుగా, అంటే పదహారు పెన్నీలుగా స్థిరపరచారు. రూపాయికి పదహారు అణాలు కనుక అణాకు సరిగా ఒక పెన్నీ. పౌనుకు పదిహేను రూపాయలు. 1927లో ప్రభుత్వం రూపాయి విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీలకు పెంచింది. రూపాయి విలువ పెరగడం మంచిదే కదా అని మీకు తోచవచ్చు. ప్రత్తి రైతుకు అది మంచిది కాలేదు.

ఎందుకో చూద్దాం. గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో పండే ఎఱ్ఱచాయ గల ప్రత్తిని వర్తకులు “కోకనాడ” ప్రత్తి అనేవారు. విదేశాలలో ప్రత్తి ధర పౌన్లలో తేలేది. కొంత ప్రత్తికి అక్కడ పదిహేను పౌన్లు పలికిందని అనుకొందాం. పాత మారకంలో దానికి వచ్చేది 225 రూపాయలు. కొత్త మారకంలో పౌనుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు కనుక వచ్చేది 200 రూపాయలు మాత్రమే. అంతే ప్రత్తి, అదే ధర. రైతు పక్షాన ఇరువదియైదు రూపాయలు మాయం. శిస్తు మాత్రం రూపాయలలోనే ఉన్నది కాబట్టి అది ఒక అణా కూడ తగ్గలేదు. ఈ రెండు పెన్నీల తేడాపై దేశంలో పెద్ద వివాదం చెలరేగింది. మారకపు సంఘంలో సభ్యుడైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ తన అసమ్మతిని లిఖితపూర్వకంగా తెలిపారు. తరువాత రెండేండ్లకే ప్రపంచమంతటా ఆర్థికమాంద్యం వచ్చి పంటల ధరలు కూలిపోయాయి.

నాణెం పాలకుల చేతి సాధనమైనట్లే ప్రజల చేతి సాధనం కూడ అయింది. 1920లో నాగపూరులో కాంగ్రెసు తన నియమావళిని మార్చుకొని సంవత్సర సభ్యత్వ రుసుమును నాలుగణాలుగా పెట్టింది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం కోటిమంది సభ్యులను చేర్చాలని, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని నిర్ణయించింది. తుళ్లూరు పరిసర గ్రామాలకు బెజవాడ కృష్ణ ఒడ్డునే ఉన్న దగ్గరి పట్టణం. అంతవరకు వకీళ్లకు, జమీందారులకు పరిమితమైన సంస్థలోకి పావలా చెల్లించిన కమతగాడు కూడ సభ్యుడై ప్రవేశించగలిగాడు. పావలా చరిత్రలో ఇంతకంటె గౌరవప్రదమైన ఘట్టం మరొకటి లేదని నా అభిప్రాయం.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1950లో రాజుల బొమ్మలు పోయి అశోకస్తంభపు సింహాలు నాణెములపైకి వచ్చాయి. కాణీమీద గుఱ్ఱం, అణామీద ఎద్దు, రూపాయిమీద వరి, గోధుమలను తలపించే ధాన్యపు కంకులు. అణాల లెక్క మాత్రం మారలేదు. 1955లో పార్లమెంటు నాణెముల చట్టాన్ని సవరించింది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి నూరు “నయా పైసలు” అమలులోకి వచ్చాయి. 1964లో “నయా” అనే విశేషణాన్ని తొలగించారు.

మార్పు మంచిదే. పాఠశాల పిల్లలకు అణాలు, పైలు కూడడం, తీసివేయడం పెద్ద శిక్షగా ఉండేది. దశాంశ పద్ధతి వారిని రక్షించింది. కాని మారకపు పట్టికలో ఒక చిక్కు ఉంది. నూరును పదహారుతో భాగిస్తే ఆరుంబావు వస్తుంది. పావు పైసా నాణెం లేదు. అందుచేత అణాకు ఆరు నయా పైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు అని నిర్ణయించారు. రూపాయి మొత్తంగా మార్చుకొనేవానికి నష్టం లేదు. అణాకొక్కటి చొప్పున పదహారు వస్తువులు అమ్ముకొనే వీధి వర్తకురాలి సంగతి వేరు. ఒక్కొక్కదానికి ఆరు పైసల వంతున ఆమెకు వచ్చేది తొంబది ఆరు పైసలు. నాలుగు పైసలు ఎవరి జేబులోకి పోయాయి? పెద్ద బేరం చేసేవానికి పట్టని ఆ పావు పైసా, చిన్న బేరం చేసేవారి దినవెచ్చంలో కనబడింది. తొమ్మిది పైల పోస్టుకార్డు ఐదు నయా పైసలైంది. ఆ మిగులు భిన్నం కూడ కొనేవారి మీదనే పడింది.

మరొక చిక్కు తూకాలది. నాణెం 1957లో మారింది. కిలోగ్రాములు 1958 అక్టోబరు నుండి దశలవారీగా వచ్చి, 1962 నాటికి గాని పూర్తిగా నెలకొనలేదు. ఈ నడుమ కాలంలో వీశెలు పాతవి, పైసలు కొత్తవి. మణుగు ఐదు రూపాయలైతే వీశె ఐదు బేడలు అని చటుక్కున చెప్పే రైతు ఇప్పుడు అరువది రెండున్నర పైసలు అనాలి. ఆ అరపైసాతో ఏమి చేయాలి? కిలో వచ్చిన తరువాత నూరు గ్రాముల వెల కిలో వెలలో పదవ వంతు అనే కొత్త సౌలభ్యం ఏర్పడింది. అప్పటివరకు నోటిలెక్క మీద బ్రతికినవారు కాగితం చేతపట్టిన దుకాణదారు మాటను నమ్మక తప్పలేదు.

కొత్త నాణెములకు జనం పాతపేర్లనే తొడిగారు. ఇరువదియైదు పైసలు పావలా అయింది, ఏబది పైసలు అర్ధరూపాయి అయింది. పన్నెండున్నర పైసల నాణెం లేదు కనుక బేడకు వారసుడు లేకపోయాడు. ఆ మాట వాడుకలో సన్నగిల్లింది. మిగిలిన పేర్లు భాషలో తలదాచుకొన్నాయి. “దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు” అనే సామెతలో దమ్మిడీ బ్రతికి ఉంది. “పావలా కోడికి ముప్పావలా మసాలా” అన్నప్పుడు ముప్పావలా అంటే పావలాకు మూడు రెట్లు అని తెలిస్తేనే అందులోని వెటకారం అందుతుంది. పనికిమాలినవానిని “కాణీకి కొరగాడు” అంటాము. బాకీ “అణా పైసలతో సహా” తీర్చాము అంటాము. ఏ లోటూ లేని సంపూర్ణత్వానికి “పదహారణాల” అనే విశేషణం వాడతాము. “పదహారణాల తెలుగుదనం” అనే మాటను “నూరు పైసల తెలుగుదనం” అని మార్చి చూడండి. చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో తెలుస్తుంది.

కాసు కథ మరింత చిత్రం. ఎనుబదియైతే గాని ఒక పణం కాని ఆ చిన్న నాణెపు పేరు నేడు బంగారానికి చెల్లుతున్నది. ఇంగ్లండు వారి బంగారు పౌనును మనవారు సవరను అనీ, కాసు అనీ పిలిచారు. దాని బరువు 7.988 గ్రాములు. పౌనుకు పదిహేను రూపాయలు ఉన్న కాలంలో ఇక్కడి స్త్రీలు ఆ నాణెములను గ్రుచ్చి కాసులపేరుగా మెడలో ధరించారు. సవరను మన బజారులో నాణెంగా చెల్లడం ఎన్నడో ఆగిపోయింది. గుంటూరు బంగారు దుకాణంలో కాసు బంగారం అని అడిగితే మాత్రం నేటికీ ఎనిమిది గ్రాములు తూచి ఇస్తారు.

ప్రశ్నలు

1. “కాణీ అనే పేరే ఆ నాణెం విలువను చెబుతుంది” – ఈ వాక్యాన్ని సమర్థించండి.

2. మణుగు బెల్లం తొమ్మిది రూపాయలైతే వీశె, అరవీశె, ఏబలం వెలలను పాత నాణెములలో చెప్పండి. వాటినే పైసలలోకి మార్చి, ఎక్కడ భిన్నం మిగులుతున్నదో గుర్తించండి.

3. 1927 నాటి మారకపు మార్పు వలన ప్రత్తి రైతుకు కలిగిన నష్టాన్ని ఉదాహరణతో వివరించండి.

4. దశాంశ పద్ధతి వలన ఎవరికి మేలు కలిగింది? ఎవరికి ఇబ్బంది కలిగింది? మీ అభిప్రాయాన్ని వ్యాసరూపంలో వ్రాయండి.

5. మీ ఇంటిలోని వృద్ధులను అడిగి, పాత నాణెముల పేర్లు గల సామెతలను, జాతీయాలను సేకరించి, వాటిని సొంత వాక్యాలలో ప్రయోగించండి.